పట్టా వేరు, దస్తావేజు వేరు: భూమి రికార్డుల మాటలకు అసలు అర్థాలు

బ్రిటిష్ కాలంలో ఆంధ్ర ప్రాంతపు గ్రామాలకు శిస్తు ఖరారు చేస్తూ తయారు చేసిన రిజిస్టర్‌ను రెవెన్యూ కార్యాలయాల్లో ఇప్పటికీ ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) అంటారు. ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కనే ఉండటం వల్ల దానికి డైగ్లాట్ అనే పేరు కూడా ఉంది. ఒక్కో సర్వే నంబరుకు ఎదురుగా విస్తీర్ణం, నేల రకం, శిస్తు, పట్టాదారు పేరు వరుసగా రాసుకుంటూ పోయిన ఆ రిజిస్టర్‌లో, కొన్ని నంబర్ల దగ్గర మాత్రం పేరు ఉండవలసిన గడిలో చుక్కలు కనిపిస్తాయి. ఆ భూమికి పట్టాదారు ఎవరో ఆనాటికి తేలకపోవడం వల్లనో, మాదని చెప్పుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోవడం వల్లనో పెట్టిన చుక్కలవి. దశాబ్దాలు గడిచాక ప్రభుత్వం వాటిని "ఇది మీది కాకపోవచ్చు" అని చదివింది. తరాలుగా దున్నుకుంటున్న కుటుంబాలు ఆ భూములను అమ్ముకోబోతే, అవి రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉన్నాయని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలు వెనక్కి పంపాయి. చివరికి ఆ చుక్కల స్థానంలో పేర్లు రాయడం కోసమే ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లో ఒక చట్టం చేయవలసి వచ్చింది. 2023లో 2 లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూములను నిషేధిత జాబితా నుంచి తొలగించినట్టు ప్రభుత్వం ప్రకటించింది.

ఆ చుక్క అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నకు ఆనాటికి జవాబు లేదని మాత్రమే చెప్పింది. చిక్కంతా దాన్ని మరో ప్రశ్నకు జవాబుగా చదవడంలో ఉంది. మన భూమి రికార్డుల మాటలు దాదాపు అన్నిటి విషయంలోనూ ఇదే జరుగుతోంది. రిజిస్ట్రేషన్, ఈసీ, పట్టా, అడంగల్, మ్యుటేషన్ అనే మాటలను మనం "ఈ భూమి నాదే" అన్న ఒకే వాక్యానికి మారుపేర్లుగా వాడతాం. చట్టం దృష్టిలో అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. వాటిలో ఏ ఒక్కటీ యజమాని ఎవరన్న ప్రశ్నకు తిరుగులేని జవాబు కాదు.

ముందుగా రిజిస్ట్రేషన్ సంగతి చూద్దాం. "భూమి రిజిస్ట్రేషన్ అయింది" అని మనం అనే మాటలోనే ఒక పొరపాటు దాగి ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయ్యేది భూమి కాదు, దస్తావేజు. ఫలానా తేదీన ఫలానా వ్యక్తి ఫలానా వ్యక్తికి ఈ కాగితం రాసి ఇచ్చాడన్న సంగతి ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కుతుంది. సబ్ రిజిస్ట్రార్ చూసేది కూడా ఆ మేరకే: రాసి ఇచ్చినవారు తామే సంతకం చేశామని ఒప్పుకుంటున్నారా, వచ్చినవారు ఆ మనుషులేనా, ముద్రాంక సుంకం సరిగా కట్టారా, ఆస్తి వివరం గుర్తుపట్టేలా ఉందా, ఆ దస్తావేజును ఏ చట్టమైనా నిషేధించిందా అన్నవే ప్రశ్నలు. అమ్మేవాడికి అసలు ఆ భూమిపై హక్కు ఉందా లేదా అని తేల్చే అధికారాన్ని చట్టం ఆయనకు ఇవ్వలేదు. అమ్మేవారు తమ పాత దస్తావేజు చూపితేనే రిజిస్టర్ చేయాలన్న తమిళనాడు నిబంధనను 2025 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు కొట్టివేస్తూ ఈ మాటనే మళ్లీ స్పష్టం చేసింది. అమ్మినవాడికి ఉన్న హక్కు ఏదైతే ఉందో అదే కొన్నవాడికి వస్తుంది. ఏమీ లేకపోతే ఏమీ రాదు. కార్యాలయపు ముద్ర అతనికి లేని హక్కును పుట్టించదు.

ఆ ప్రభుత్వ పుస్తకం కూడా ఒకటి కాదు. చట్టంలోని 51వ సెక్షన్ ఐదు పుస్తకాల గురించి చెబుతుంది. స్థిరాస్తికి సంబంధించిన క్రయ, తనఖా, దాన, భాగ పంపక దస్తావేజులన్నీ మొదటి పుస్తకంలోకి వెళ్తాయి. రిజిస్టర్ చేయడానికి నిరాకరించినప్పుడు ఆ కారణాలు రెండో పుస్తకంలో రాయాలి. వీలునామాలకూ దత్తత అధికార పత్రాలకూ మూడోది, స్థిరాస్తితో సంబంధం లేని ఇతర పత్రాలకు నాలుగోది, సీలు వేసిన కవరులో దాచుకోమని జిల్లా రిజిస్ట్రార్‌కు ఇచ్చే వీలునామాలకు ఐదోది. మొదటి రెండు పుస్తకాలను రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. వీలునామా విషయం అలా కాదు: రాసినవారు బతికి ఉన్నంత కాలం దాని నకలు వారికి, లేదా వారి ఏజెంటుకు మాత్రమే ఇస్తారు. వీలునామాను రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కూడా కాదు. తెల్లకాగితం మీద రాసి, చట్టం కోరినట్టు ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించినా చెల్లుతుంది.

రెండో పుస్తకం గురించి చాలామందికి తెలియదు, తెలియడం అవసరం. "ఈ దస్తావేజు చేయడం కుదరదు" అని కౌంటరు దగ్గర నోటిమాటగా చెప్పి పంపేయడం చట్టం ఊహించిన పద్ధతి కాదు. కారణాలు రాసి, నకలు అడిగితే ఇవ్వాలి. సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రార్‌కు అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా కాదంటే మళ్లీ 30 రోజుల్లో సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. రాతపూర్వకమైన నిరాకరణ లేకపోతే అప్పీలుకు ఆధారమే ఉండదు. పని కాకపోయినా కాగితం అడిగి తీసుకోవాలనడంలోని అర్థం ఇదే.

ఇక ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. తెలుగులో దీన్ని ఋణభార పత్రం అంటారు గానీ పలుకుబడిలో ఉన్నది ఈసీ అనే మాటే. ఫలానా కాలంలో ఫలానా ఆస్తి మీద మొదటి పుస్తకపు సూచికల్లో ఏయే లావాదేవీలు కనిపించాయో చెప్పే పత్రం ఇది. ఏమీ కనిపించకపోతే "నిల్ ఈసీ" ఇస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్ శాఖను కంప్యూటరీకరించారు. ఈసీ కోసం పాత సూచికలను 1983 నుంచి ఎక్కించారు కనుక, అంతకుముందు కాలానికి పుస్తకాల్లో చేతితో వెతికించుకోవలసిందే. నిల్ ఈసీ చూసి "ఏ గొడవా లేదు" అనుకోవడం సర్వసాధారణం. కానీ అది చెప్పేది "మా మొదటి పుస్తకంలో, మీరు చెప్పిన నంబరు కింద, మీరు అడిగిన కాలంలో ఏమీ లేదు" అని మాత్రమే. వీలునామా మూడో పుస్తకంలో ఉంటుంది, కాబట్టి కనిపించదు. తండ్రి మరణంతో పిల్లలకు వచ్చిన వారసత్వానికి దస్తావేజే ఉండదు, కాబట్టి కనిపించదు. రిజిస్టర్ చేయించని ఒప్పందాలు, కోర్టులో నడుస్తూ కార్యాలయానికి సమాచారం చేరని దావాలు, పాత దస్తావేజులను చేతికిచ్చి తీసుకున్న నోటిమాట తనఖాలు కూడా అంతే. సర్వే నంబరులో ఒక సబ్ డివిజన్ అంకె తేడాగా పడిన దస్తావేజు సైతం వెతుకులాటకు చిక్కకుండా జారిపోగలదు.

ఈసీకి అందని మరో సందు చట్టంలోనే ఉంది. దస్తావేజు రాసిన తేదీ నుంచి నాలుగు నెలల లోపు దాన్ని రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయవచ్చు. తగిన కారణం ఉంటే జరిమానాతో మరో నాలుగు నెలల దాకా అవకాశం ఉంది. రిజిస్టర్ అయ్యాక ఆ దస్తావేజు అమలయ్యేది రిజిస్టర్ చేసిన రోజు నుంచి కాదు, దాన్ని రాసిన రోజు నుంచి. ఇది 47వ సెక్షన్. ఒకరు జూన్ 1న తన పొలాన్ని ఒకరికి క్రయం రాసి ఇచ్చి, అది ఇంకా కార్యాలయానికి చేరకముందే జూలైలో అదే పొలాన్ని మరొకరికి అమ్మి వెంటనే రిజిస్టర్ చేయించారనుకుందాం. రెండో కొనుగోలుదారు జూలైలో తీసిన ఈసీ శుభ్రంగానే ఉంటుంది. సెప్టెంబరులో మొదటి దస్తావేజు గడువులోపే రిజిస్టర్ అయితే, ఆ దస్తావేజు నిజమైనదే అయినప్పుడు, సాధారణంగా పొలం మొదటివారిదే అవుతుంది. అందుకే అనుభవమున్న న్యాయవాదులు ఈసీతో ఆగకుండా భూమి ఇంతకుముందు చేతులు మారినప్పటి అసలు లింకు దస్తావేజులను చేతిలోకి తీసుకుని చూస్తారు, భూమి మీదికి వెళ్లి ఎవరు సాగు చేస్తున్నారో కూడా కనుక్కుంటారు. చట్టం కూడా ఈ రెండింటినీ కలిపే చూస్తుంది: రిజిస్టర్ అయిన దస్తావేజు అందరికీ తెలిసినట్టే లెక్క, భూమి మీద కబ్జాలో ఉన్నవారి హక్కు సంగతి కూడా కొనేవారికి తెలిసినట్టే లెక్క. "నాకు తెలియదు" అన్న మాట ఈ రెండు చోట్లా నిలబడదు.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఇక్కడే మరో మాట అవసరం. అక్కడ ఉండి ఇక్కడి భూమి అమ్మడానికి బంధువుకు అధికారం ఇవ్వాలంటే, ఆ పవర్ ఆఫ్ అటార్నీని ఆ దేశపు నోటరీ ముందో భారత కాన్సులేటు అధికారి ముందో రాసి, ధ్రువీకరించుకోవాలి. అది భారతదేశంలో అందిన మూడు నెలల్లోగా ఇక్కడ ముద్రాంక సుంకం కట్టించాలి. పవర్ ఆఫ్ అటార్నీ అమ్మకం కాదు, అమ్మడానికి ఇచ్చిన అధికారం మాత్రమే. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), ఒప్పందం, వీలునామా మూడూ కలిపి ఇచ్చేసి దాన్నే క్రయంగా చెలామణి చేసే పద్ధతి యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీం కోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది.

రిజిస్ట్రేషన్ శాఖ గుమ్మం దాటి రెవెన్యూ వైపు వస్తే పుస్తకాలూ మారతాయి, వాటి ఉద్దేశమూ మారుతుంది. రిజిస్ట్రేషన్ శాఖ కాగితాల చరిత్ర రాస్తే, రెవెన్యూ శాఖ శిస్తు చరిత్ర రాసింది. ఎవరి దగ్గర వసూలు చేయాలి, ఎంత చేయాలి, ఈ ఏడాది ఏ పంట వేశారు అన్నవే దాని మొదటి ప్రశ్నలు. ఆంధ్ర ప్రాంతపు మూడో నంబరు గ్రామ లెక్క అడంగల్ అలాంటిదే: ఫసలీ సంవత్సరానికి ఒకసారి ప్రతి సర్వే నంబరులోనూ పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు, ఏ పంట, ఏ నీటి వనరు అన్నవి అందులో రాస్తారు. తెలంగాణలో ఇదే పహాణీ. ఫసలీ జూలైతో మొదలై జూన్‌తో ముగుస్తుంది. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం తెలుస్తుంది. పాత అడంగల్ నకలు చేతికి వస్తే ముందుగా చేయవలసిన లెక్క ఇదే. అలా చూస్తే 1434 ఫసలీ అంటే 2024 జూలై నుంచి 2025 జూన్ వరకు. అడంగల్ భూమి వైపు నుంచి రాసిన లెక్క అయితే, 1-బి మనిషి వైపు నుంచి రాసినది. ఒక ఖాతా నంబరు కింద ఒకరి పేరున ఉన్న నంబర్లన్నీ అందులో వరుసగా ఉంటాయి. హద్దుల కొలతలకు ఎఫ్ఎంబీ అనే మరో పుస్తకం ఉంది, దానికి యజమాని ఎవరన్నది పట్టదు.

తెలంగాణ పదజాలానికి నిజాం కాలపు మూలాలున్నాయి. సర్వే, సెటిల్‌మెంట్ నాటి మూల రిజిస్టర్ సేత్వార్. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీని అక్కడి కోర్టులు ఎంతో విలువైన తొలి హక్కుల రికార్డుగా చూస్తాయి. భూ వివాదాల్లో "ఖాస్రాలో ఎవరి పేరుంది" అన్నది మొదట అడిగే ప్రశ్న. అదే మాటను నెల్లూరులో అడిగితే ఎవరికీ అర్థం కాకపోవచ్చు, అక్కడ ఆర్‌ఎస్‌ఆర్ సంగతి అడగాలి.

పట్టా అనే మాట మరింత గందరగోళం. రైతువారీ విధానంలో ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టే రైతు పట్టాదారు. ప్రభుత్వ భూమిని భూమిలేని పేదలకు ఇచ్చినప్పుడు చేతికి వచ్చే కాగితం కూడా పట్టాయే: ఆంధ్రలో డీ ఫారం పట్టా అనీ డీకేటీ పట్టా అనీ, తెలంగాణలో లావణి పట్టా అనీ అంటారు. మొదటిది సాధారణంగా అమ్ముకోదగిన భూమిని సూచిస్తుంది. రెండోది చాలా సందర్భాల్లో, 1977 నాటి ఎసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం పరిధిలో, అమ్మకూడని భూమిని సూచిస్తుంది. "పట్టా భూమి, భయం లేదు" అని బ్రోకరు చెప్పినప్పుడు ఏ పట్టా అని తిరిగి అడగకపోతే ఎంత డబ్బు పోగొట్టుకోగలమో ఈ ఒక్క మాటలోనే ఉంది.

మ్యుటేషన్ అంటే రెవెన్యూ లెక్కల్లో పేరు మార్చడం. భూమి కొన్నాకో వారసత్వంగా వచ్చాకో తహశీల్దారు పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాస్తారు. తెలంగాణలో వారసత్వపు మార్పును విరాసత్ అంటారు. మ్యుటేషన్ హక్కును ఇవ్వదు, తీసివేయదు, అది శిస్తు అవసరాలకు మాత్రమే అని సుప్రీం కోర్టు 1990ల నుంచి ఎన్నోసార్లు చెప్పింది. అలాగని అది విలువ లేనిదీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అమల్లో ఉన్న 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టంలో 6వ సెక్షన్ ప్రకారం, హక్కుల రికార్డులోని నమోదు తప్పని రుజువయ్యేదాకా, లేదా చట్టప్రకారం మారేదాకా, సరైనదనే భావించాలి. ఈ "భావించాలి" అన్న క్రియలోనే సూక్ష్మమంతా ఉంది. తప్పని నిరూపించే బరువు ఎదుటివారి మీద పడుతుంది, కానీ నిరూపించే తలుపు తెరిచే ఉంటుంది. సివిల్ కోర్టు డిక్రీ వస్తే రికార్డును ఆ మేరకు సవరించాలని అదే చట్టంలోని 8వ సెక్షన్ చెబుతుంది. పాసు పుస్తకంతో పాటు ఇచ్చిన రెండో పుస్తకానికి "టైటిల్ డీడ్" అని పేరు పెట్టడం ఈ సూక్ష్మాన్ని చెరిపేసిందని నా అభిప్రాయం. అందులో ఉన్నది రెవెన్యూ నమోదే. పేరు మాత్రం యాజమాన్య పత్రమని చెప్పింది. పుస్తకం చేతిలో పట్టుకున్న రైతు ఆ పేరునే నమ్మాడు.

రిజిస్ట్రేషన్‌కూ మ్యుటేషన్‌కూ మధ్య ఉన్న ఈ దూరాన్ని తగ్గించాలని రెండు రాష్ట్రాలూ ప్రయత్నించాయి. తెలంగాణలో 2020 అక్టోబరులో వచ్చిన ధరణి అనే భూ రికార్డుల పోర్టల్‌లో వ్యవసాయ భూములకు తహశీల్దారే జాయింట్ సబ్ రిజిస్ట్రార్‌గా కూర్చొని, రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ వెంటవెంటనే చేసే పద్ధతి మొదలైంది. వేగం పెరిగింది. కానీ పహాణీలో అనుభవదారు గడి పోయింది, రికార్డులో తప్పు పడితే రెవెన్యూ అధికారుల దగ్గర అప్పీలుకు దారి లేకుండా పోయింది. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీళ్లను తిరిగి తెచ్చింది, తెల్లకాగితం మీద జరిగిన సాదా బైనామా కొనుగోళ్లలో 2020లో దరఖాస్తు చేసుకున్నవాటిని క్రమబద్ధీకరించే మార్గమూ చూపింది. ఆంధ్రప్రదేశ్ మరింత దూరం వెళ్లబోయింది. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ మొదలుపెట్టిన విధానంలో రిజిస్టర్‌లో పేరు ఉండటమే హక్కు, దాని వెనక దస్తావేజుల గొలుసు వెతకనక్కరలేదు, ఆ పేరుకు ప్రభుత్వం పూచీ. అలాంటి ఖరారైన హక్కు కోసం తెచ్చిన 2022 నాటి ల్యాండ్ టైటిలింగ్ చట్టంలో, నమోదు మీద రెండేళ్లలో అభ్యంతరం రాకపోతే అది తుది హక్కు అవుతుంది, వివాదాలు సివిల్ కోర్టుకు బదులు ప్రత్యేక ట్రిబ్యునల్‌కు వెళ్తాయి. గడువు సంగతి తెలియక రైతు భూమి పోగొట్టుకుంటాడన్న ఆందోళన ఎన్నికల వాదనగా మారింది, 2024లో కొత్త ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. పూచీ తీసుకునే రిజిస్టర్ కావాలంటే ముందు నమ్మదగిన రిజిస్టర్ ఉండాలి. చుక్కలతో మొదలైన రికార్డుకు ఒక్కసారిగా తుది ముద్ర వేయడంలో ఉన్న ప్రమాదం ఊహించలేనిది కాదు.

నిషేధిత జాబితా సంగతీ చెప్పాలి. రిజిస్ట్రేషన్ చట్టంలో 2007లో ఉమ్మడి రాష్ట్రం చేర్చిన 22-ఎ సెక్షన్ ఐదు రకాల భూములను పేర్కొంటుంది: చట్టాలు బదిలీని నిషేధించినవి, ప్రభుత్వ ఆస్తులు, దేవాదాయ, వక్ఫ్ ఆస్తులు, భూ గరిష్ఠ పరిమితి (సీలింగ్) చట్టాల కింద మిగులుగా తేలినవి, ప్రభుత్వానికి ఏదో ఒక ప్రయోజనం ఉందని గెజిట్ ద్వారా ప్రకటించినవి. జాబితాలో ఉండటం అంటే ఆ భూమి ప్రభుత్వానిదని తీర్పు వచ్చినట్టు కాదు, రిజిస్ట్రేషన్‌కు అడ్డు వచ్చినట్టు. తొలగించమని కలెక్టరును కోరవచ్చు, కోర్టుకూ వెళ్లవచ్చు. అయితే జాబితాలో పేరు పడిన రోజు నుంచి బ్యాంకు అప్పు పుట్టదు, పిల్ల పెళ్లికి అరెకరం అమ్ముకోవడానికీ వీలుండదు, కాబట్టి రైతుకు ఆ తేడా తెలిసినా పెద్దగా ఊరట ఉండదు.

నకలు అనే మాట కూడా అంతే జాగ్రత్తగా చదవాలి. ప్రభుత్వ రికార్డు నుంచి అధికారి సంతకం, ముద్రతో ఇచ్చిన ధ్రువీకృత నకలును కోర్టులో సాక్ష్యంగా ఇవ్వవచ్చు. పాత సాక్ష్య చట్టంలో ఉన్న ఈ ఏర్పాటే 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ కొనసాగింది. కానీ అది రుజువు చేసేది రికార్డులో ఇలా రాసి ఉందని. రాసినది నిజమని కాదు. క్రయ దస్తావేజు ధ్రువీకృత నకలు దానిలోని మాటలను చూపిస్తుంది. ఆ సంతకం ఆయనదేనా అన్న వివాదం వస్తే సాక్షులు రావలసిందే. అలాగే ఒకసారి రిజిస్టర్ అయిన క్రయాన్ని అమ్మినవాడు ఒక్కడే వెళ్లి రద్దు దస్తావేజుతో చెరిపేయలేడు. తోట గంగాలక్ష్మి కేసులో 2010లో సుప్రీం కోర్టు, అంతకుముందే 2006లో సవరించిన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు కూడా ఇదే చెప్పాయి. రద్దు కావాలంటే ఇద్దరూ కలిసి రావాలి, లేదా కోర్టు చెప్పాలి.

ఈ పాత మాటలకు కొత్తవి ఇంకా చేరుతూనే ఉన్నాయి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అంటే తాతగారి క్రయ దస్తావేజులో ఒక నంబరు, 1983 నుంచి తీసిన ఈసీలో అదే పాత నంబరు, ఇప్పటి 1-బిలో మరో నంబరు ఉంటాయి. కొన్నిచోట్ల అన్నదమ్ముల వాటాలు ఒకే జాయింట్ ఎల్‌పీఎంలో కలిసిపోయి, విడదీయమని మళ్లీ దరఖాస్తు చేసుకోవలసి వస్తోంది. ఆ గ్రామాల్లో భూమి కొనేవారు ఇప్పుడు పాత నంబరుకూ కొత్త నంబరుకూ మధ్య సంబంధం చూపే పట్టికను కూడా అడిగి తీసుకుని, రెండు నంబర్ల మీదా ఈసీ వెతికించుకోవలసి ఉంటుంది.